వడ్డించే చేయి కనబడాలి: మూడు ఆహారయాత్రా కార్యక్రమాల సమీక్ష

మా అమ్మ ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. డెబ్బై దాటిన ఆ వయసులో, నల్లకుంటలోని మా ఇంటి హాల్లో, రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, బ్యాంకాక్ వీధిలో ఒక ముసలావిడ పీతల ఆమ్లెట్ వేస్తుంటే రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ వంటకం ఆమె తినదు, తినాలన్న కోరికా లేదు. ఆ ఊరికి వెళ్ళేదీ లేదు. వాళ్ళు మాట్లాడే భాషగానీ, కింద పడే ఇంగ్లీషు అక్షరాలుగానీ ఆమెకు తెలియవు. అయినా మధ్యలో కరెంటు పోతే విసుక్కుంటుంది. తిండి, దేశాటన కలిపి చూపించే కార్యక్రమాలకు ఇంత ఆకర్షణ ఎందుకు అన్న ప్రశ్నకు, నోరూరించడమే కారణమని చాలామంది చెప్పే జవాబు మా ఇంట్లో పనికిరాదని నాకు అప్పుడు అర్థమైంది. ఈ వానాకాలమంతా మేమిద్దరం కలిసి చూసిన మూడు కార్యక్రమాల మీద ఈ సమీక్ష రాస్తున్నాను. వంటకాలను బట్టి కాక, వడ్డించిన మనిషి మనకు ఎంత కనబడ్డాడన్న దాన్ని బట్టి వాటిని తూచాను.

మొదటిది నెట్‌ఫ్లిక్స్‌లో 2019లో వచ్చిన 'స్ట్రీట్ ఫుడ్: ఏషియా'. తొమ్మిది నగరాలు, తొమ్మిది భాగాలు, ఒక్కొక్కటి సుమారు అరగంట. ఇందులో ఊరూరా తిరిగి తిని చెప్పే వ్యాఖ్యాత ఉండడు. బండి నడిపేవారే తమ కథ తాము చెప్పుకుంటారు. పైన చెప్పిన బ్యాంకాక్ భాగంలో కనిపించే జే ఫై అనే ఆవిడ, నూనె చిందకుండా మంచు ఆటల్లో వాడే పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని, బొగ్గుల పొయ్యి ముందు నిలబడి వండుతుంది. మంచి హోటళ్ళకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ ఆ నగరానికి మొదటిసారి వచ్చినప్పుడే ఆమె చిన్న కొట్టుకు ఒక నక్షత్రం దక్కింది. ఈ సంగతి నేను గొప్పగా చెప్పబోతే అమ్మ పట్టించుకోలేదు. "ఆవిడ మూకుడు వంక తప్ప కెమెరా వంక చూడటం లేదు, గమనించావా?" అంది. ఆ భాగం మీద నేను రాయగలిగిన విమర్శలన్నింటికంటే ఆ ఒక్క మాట మేలైనది.

ఈ వరుసలో మా ఇంట్లో రెండుసార్లు చూసింది ఇండొనేషియాలోని యోగ్యకర్త భాగం. ఊరి పేరు మన అయోధ్య నుంచి వచ్చిందని చెప్పగానే అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. అక్కడ సతీనెమ్ అనే వృద్ధురాలు తెల్లవారకముందే రోడ్డు పక్కన కూర్చుని, సంప్రదాయంగా ఆ ప్రాంతంలో చేసుకునే తీపి ఫలహారాలు అమ్ముతుంది. వాటిలో లుపిస్ అనేది ఒకటి. జిగురు బియ్యాన్ని అరటాకులో బిగించి గంటల తరబడి ఉడికించి, ఆ ముద్దను ముక్కలుగా కోసి, పైన కొబ్బరి కోరు చల్లి, మన తాటిబెల్లం పాకం వంటి చిక్కటి పాకం పోస్తారు. "మన కుడుములేరా ఇవి!" అని అమ్మ తేల్చేసింది. ఆ ముద్దను కత్తితో కాక దారంతో కోస్తారని నేను చెబితే ఆశ్చర్యపడలేదు. "జిగురు పిండి కత్తికి అంటుకోదూ? దారమే మేలు" అని తిరిగి నాకే వివరించింది. సముద్రాల అవతల ఉన్న మనిషి చేసే పనికి కారణం, ఆ మనిషి చెప్పకుండానే, తన చేతి అనుభవంతో ఇక్కడ కూర్చుని పట్టుకోవడం ఎంత పెద్ద సంతోషమో ఆమె ముఖంలో కనబడింది. కొత్త ప్రపంచాన్ని చూడటంలో ఉన్న ఆనందం ఎంతో, అందులో మనకు ముందే తెలిసిన ముక్క దొరకడంలోనూ అంతే ఉంది. ఈ కార్యక్రమం ఆ అవకాశం ఇస్తుంది, ఎందుకంటే కెమెరా ముఖాల మీద ఎంతసేపు నిలుస్తుందో చేతుల మీదా అంతసేపు నిలుస్తుంది.

దీనిలో లోపం లేదని కాదు. మూడు భాగాలు చూసేసరికి నాలుగోది ఎలా నడుస్తుందో చెప్పేయవచ్చు: పేదరికం, అప్పు, ఇంట్లో ఒకరి మరణం, ఆ తరువాత పొయ్యి దగ్గర పట్టుదల, చివర్లో కొట్టు ముందు బారులు తీరిన జనం. వాళ్ళ జీవితాలు నిజమైనవే, కష్టాలు నిజమైనవే, కానీ అందరి బాధకూ ఒకే వాద్య సంగీతం, ఒకే నెమ్మది కదలిక పెడితే ఒకరి కథ ఇంకొకరి కథలా వినిపిస్తుంది. పాకం పోయడాన్ని అంత నిదానంగా చూపించనక్కరలేదు. పాకానికి తన నిదానం తనకు ఉంది. దిల్లీ భాగంలో చాట్ బండ్లు చూసినప్పుడు, ఎరిగిన దేశం కాబట్టి, అరగంటలో ఎంత వదిలేశారో వెంటనే తెలిసింది. మిగిలిన ఎనిమిది ఊళ్ళలోనూ అంతే వదిలేసి ఉంటారన్న అనుమానం అప్పుడే మొదలైంది.

రెండవది ఆంథొనీ బోర్డెయిన్ 'పార్ట్స్ అన్‌నోన్'. ఇక్కడ మా ఇద్దరికీ కుదరలేదని ముందే చెప్పాలి. అమ్మకు ఆయన నచ్చలేదు. "వంట చూపించడు, మాట్లాడుతూనే ఉంటాడు, గ్లాసు చేతిలోంచి దించడు" అన్నది ఆమె ఫిర్యాదు. మూడూ నిజమే. నాకు మాత్రం ఈ మూడింటిలో ఇదే గొప్పది. న్యూయార్క్ హోటళ్ళ వంటగదుల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, 2002లో టీవీలోకి వచ్చిన బోర్డెయిన్, మొదట్లో వింత తిండి తినే సాహసిగానే కనబడ్డాడు. 2006 జులైలో మరో కార్యక్రమం కోసం బేరూత్ వెళ్ళినప్పుడు చిత్రీకరణ మధ్యలో యుద్ధం మొదలై, బాంబుల పొగను హోటల్ నుంచి చూస్తూ, చివరికి అమెరికా సైనికుల సాయంతో బృందమంతా ఆ దేశం వదలవలసి వచ్చింది. ఆ అనుభవం తరువాత ఆయన పద్ధతి మారింది. కంచంలో ఏముందో చెప్పి లేచిపోవడం సరిపోదని ఆయనకు తోచిందనుకుంటాను. 2013 నుంచి 2018 వరకూ సీఎన్‌ఎన్‌లో పన్నెండు సీజన్లుగా వచ్చిన 'పార్ట్స్ అన్‌నోన్' ఆ మార్పు ఫలితం. మొదటి భాగమే మయన్మార్. ఆ తరువాత లిబియా, కాంగో, ఇరాన్ వంటి చోట్లకు కూడా కెమెరా వెళ్ళింది. సాధారణంగా వార్తల్లో తప్ప మనకు కనబడని ఊళ్ళను ఆయన భోజనాల వేళ చూపించాడు.

ఇరాన్ భాగం నన్ను ఎక్కువగా పట్టుకుంది, దానికి కారణం నేను హైదరాబాదీని కావడమే. ఈ నగరంలో మూలమలుపు దొరికిన ప్రతిచోటా ఒకప్పుడు ఇరానీ హోటల్ ఉండేది. పాలరాయి బల్లలు, చెక్క కుర్చీలు, సాసర్‌లో పోసుకుని తాగే చాయ్, ఉస్మానియా బిస్కట్లు. మనం 'ఇరానీ' అన్న మాటను చాయ్‌కి ముందు పెట్టే విశేషణంగా వాడుకున్నామే గాని, దాని వెనక ఒక దేశం ఉందని, అక్కడి నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన మనుషులు ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారని ఎప్పుడూ ఆలోచించలేదు. తెర మీద టెహ్రాన్ కుటుంబాలు అతిథిని కూర్చోబెట్టి, చాలని చేయి అడ్డం పెట్టినా వినకుండా మళ్ళీ మళ్ళీ వడ్డిస్తుంటే, అది అచ్చంగా మన కొసరి వడ్డించడమే. ఆ భాగంలో బోర్డెయిన్‌తో కూర్చుని మాట్లాడిన పాత్రికేయ దంపతులు, జేసన్ రెజాయన్, యెగానెహ్ సలేహీలు, చిత్రీకరణ అయిన కొద్ది వారాలకే 2014 జులైలో అరెస్టయ్యారు. రెజాయన్ 2016 జనవరిలో గాని విడుదల కాలేదు. ఈ సంగతి తెలిసి చూస్తే, ఆ ఇద్దరూ తమ ఊరి మీద ప్రేమతో చెప్పిన ప్రతి మాటా వేరుగా వినిపిస్తుంది. వంటల కార్యక్రమం నుంచి ఇంత బరువు ఆశించి ఎవరూ రిమోటు పట్టుకోరు. ఆశించకుండా దొరకడమే ఇక్కడి విశేషం.

ఒకే ఒక్క చోట అమ్మ కూడా లొంగింది. 2016లో వచ్చిన హనోయ్ భాగంలో, అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, బోర్డెయిన్ ఒక మామూలు హోటల్లో పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద ఎదురెదురుగా కూర్చుని బున్ చా తిన్నారు. కాల్చిన పంది మాంసం, సన్నటి బియ్యపు సేమ్యా, ఆకుకూరలు కలిసిన భోజనం అది. బిల్లు ఆరు డాలర్లు, ఇచ్చింది బోర్డెయిన్. ఆ బల్లనే తరువాత హోటల్ వాళ్ళు అద్దాల పెట్టెలో భద్రపరిచారు. "అంతటి వాడికి పీట వేసి పెట్టారే!" అని అమ్మ నవ్వింది. మెచ్చుకోలు అధ్యక్షుడికా, పీట వేసినవాళ్ళకా అన్నది నేను అడగలేదు. 2018 జూన్‌లో, ఫ్రాన్సులో చిత్రీకరణ సమయంలోనే, బోర్డెయిన్ చనిపోయాడు. ఆత్మహత్య అని తెలిసిన తరువాత ఆ కార్యక్రమాన్ని తేలిక మనసుతో చూడలేం. కొన్ని భాగాల్లో ఆయన సొంత మాటలు వినడమే కష్టమవుతుంది. ఇంట్లో అందరితో కలిసి చూడదలచుకున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

మూడవది 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన 'సమ్‌బడీ ఫీడ్ ఫిల్'. ఫిల్ రోజెన్‌థాల్ టీవీ హాస్య ధారావాహికలు రాసిన మనిషి, వంటవాడు కాదు. చిన్నప్పుడు ఇంట్లో తిండి రుచిగా ఉండేది కాదని నిర్మొహమాటంగా చెబుతాడు. ప్రతి ముద్దకూ కళ్ళు పెద్దవి చేస్తాడు, వంటవాళ్ళను కౌగిలించుకుంటాడు, పక్క బల్ల వాళ్ళకు తన పళ్ళెంలోది తినిపిస్తాడు. మొదట్లో ప్రతి భాగం చివర అమ్మానాన్నలు హెలెన్, మాక్స్‌లకు వీడియో కాల్ చేసి ఆ రోజు ఏం తిన్నాడో చెప్పేవాడు. వాళ్ళిద్దరూ పోయాక ఆ చోటులో, మిత్రులు ఎవరైనా వచ్చి, నాన్న జ్ఞాపకార్థం ఒక జోకు చెప్పే ఆనవాయితీ పెట్టుకున్నాడు. "ఎక్కడున్నా ఇంటికి ఫోన్ చేస్తాడు చూడు" అని మా ఇంట్లో ఈ కార్యక్రమం మీద వచ్చిన ప్రశంస నిజానికి ఆయన గురించి కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఫిల్‌తో నాకున్న పేచీ ఒక్కటే: ఆయనకు నచ్చనిది ఏదీ లేదు. బ్యాంకాక్‌లో తిన్నదీ, లిస్బన్‌లో తిన్నదీ, 2024లో వచ్చిన భాగంలో ముంబయిలో తిన్నదీ అన్నీ ఒకే ఎత్తున అద్భుతమే. పెళ్ళివిందులో ప్రతి పదార్థాన్నీ మెచ్చుకునే చుట్టం ఎంతో మంచివాడు, కానీ ఏ కూర నిజంగా బాగుందో ఆయన్ని అడిగి తెలుసుకోలేం. అలసిపోయిన రాత్రి మాత్రం ఈ మూడింటిలో మొదట చేయి వెళ్ళేది దీని మీదకే.

తెలుగులో మనకు వంటల కార్యక్రమాలకు కొదవ లేదు. ఈటీవీ వారు ఏకంగా 'అభిరుచి' పేరుతో ఒక చానలే నడిపారు. అయితే వాటిలో ఎక్కువ భాగం కొలతలు చెప్పే వంటలే, ప్రయాణం తక్కువ. చిత్రమేమిటంటే మనవైపు నుంచి ప్రపంచానికి చేరిన వంట మనిషి ఏ స్టూడియోలోనూ నిలబడలేదు. వందేళ్ళు దాటిన మస్తానమ్మ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద, పుచ్చకాయలో కోడికూర వండిన యూట్యూబ్ వీడియోను దేశదేశాల వాళ్ళు చూశారు. ఆమె 2018లో పోయింది.

ఇక హైదరాబాద్. 2019లో యునెస్కో ఈ నగరాన్ని ఆహార సంస్కృతికి సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఆ తరువాత వచ్చిన పోయిన కెమెరాలకు లెక్క లేదు, కానీ చూపించేది మారదు: చార్మినార్ మీదుగా డ్రోన్, మూత తీసిన బిర్యానీ హండీలోంచి ఆవిరి, ఒక గంటె, ఒక ముద్ద, ఒక కేక. నేను చూసిన వాటిలో, బార్కస్‌కు వెళ్ళి, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల బారకాసుల వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చిందని, ఈనాడు నగరమంతా పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటున్న, అన్నం, మాంసం కలిసిన మండీకి ఆ వంటిళ్ళతో చుట్టరికం ఉందని ఓపికగా చూపించినవి లేవు. అరబ్బుల హరీస్ ఇక్కడి మసాలాలు, పప్పులు, నెయ్యి కలుపుకుని హలీమ్‌గా మారి, 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న దారి అంతా ఒక భాగానికి సరిపడే కథ. రంజాన్ నెలలో మట్టి భట్టీ మీద గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడుకుతుంటే, ఇద్దరు మనుషులు రోకళ్ళంత కర్రలతో ఒక లయలో మెదుపుతూ ఉండటం ఎవరో ఫోన్‌లో తీసిన చిన్న వీడియోలో అమ్మకు చూపించాను. మాంసమని తెలిసీ ముఖం తిప్పుకోలేదు. "పప్పు ఎనిపినట్టేగా, కాకపోతే రాత్రంతా" అంది. ఆ మెదిపే మనుషుల పేర్లు ఆ వీడియోలో ఎక్కడా లేవు.

మొదలుపెట్టదలచినవారికి నా వరుస ఇది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే యోగ్యకర్త భాగంతో ప్రారంభించండి, ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు, మధ్యలో రెండు ముక్కలు తెలుగులో చెబితే చాలు. ఒంటరిగా ఉన్న రాత్రికి హనోయ్, దాని తరువాత ఇరాన్. ఫిల్‌ను పిల్లలతో కలిసి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చూడవచ్చు. మాంసం కోయడం చూడలేనివారు బోర్డెయిన్ జోలికి జాగ్రత్తగా వెళ్ళాలి. మా ఇంట్లో రేపు రాత్రికి 'స్ట్రీట్ ఫుడ్'లోని సియోల్ భాగం ఉంది, కత్తితో కోసి నూడిల్స్ చేసే ఆవిడ పిండి ఎంత గట్టిగా కలుపుతుందో చూడాలని అమ్మ ఇప్పటికే చెప్పి పెట్టింది.