బొరుగుల పార్శిల్‌కు ఏడున్నర కిలోల బిల్లు

అనంతపురంలో విదేశాలకు పార్శిల్ బుక్ చేసే ఒక కౌంటర్ గురించి రాస్తున్నాను. సుభాష్ రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి వెళ్తే జిరాక్స్ షాపు పైన ఉంటుంది, మెట్లెక్కాలి. పేరు రాయను. పొగడాల్సినవీ తిట్టాల్సినవీ రెండూ ఒకే మనిషి దగ్గర ఉన్నాయి. పేరు పెడితే చదివినవాళ్లకు తిట్లే గుర్తుంటాయి.

ఈ ఏడాది రెండుసార్లు పంపాను, రెండూ జర్మనీకే. మూడోది రేపు. మా ఆవిడ బెర్లిన్ పక్కన పోట్స్‌డామ్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తోంది. నీళ్లు తక్కువైనప్పుడు మొక్క లోపల ఏం జరుగుతుందన్నది ఆమె పని. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో శెనక్కాయ చేను గట్టు మీద పెరిగిన పిల్ల, కరువు గురించి తెలుసుకోవడానికి అంత దూరం పోవాల్నా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఇక్కడ కరువుంది గానీ మెషిన్లు లేవమ్మా అంటాను. కాంట్రాక్టు రెండేళ్లు. నాకిక్కడ కాలేజీలో పాఠాలు, నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. అందుకని ఆమె అక్కడ, నేనిక్కడ. దీని గురించి ఇంతకంటే రాయను, ఇది పార్శిల్ సర్వీసు రివ్యూ.

మొదటిది సంక్రాంతి అయిపోయిన వారానికి. ఆమె అడిగింది ముఖ్యంగా బొరుగులు, అదే మరమరాలు. బెర్లిన్‌లో ఇండియన్ షాపులున్నాయి, కందిపప్పు, బియ్యం అన్నీ దొరుకుతాయట. బొరుగులు కూడా ఉన్నాయట గానీ, అవి నీళ్లలో వేసి పిండేసరికి ముద్దయిపోతున్నాయట. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఉగ్గానికి మన బట్టీ బొరుగులే కావాలి. నానినా గింజ గింజగా నిలబడాలి. సరే, పాతూరు వెళ్లి రెండు కిలోలు తెచ్చాను. పప్పుల పొడి, శెనక్కాయల పొడి కలిపి కిలో, అమ్మ చేసిన నిప్పట్లు (చెక్కలు) ఒక కిలో. అట్టపెట్టెతో కలిపి కాటా మీద ఐదు కిలోలు కూడా రాలేదు.

బిల్లు మాత్రం ఏడున్నర కిలోలకు వేశాడు.

కాటా పాడైందేమో అన్నాను. అతను టేపు తీసి పెట్టె కొలిచాడు. పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. మూడూ గుణించి 5000తో భాగిస్తే 7.2. అరకిలో లెక్కన పైకి సవరిస్తే ఏడున్నర. "విమానంలో జాగాకు డబ్బులు సార్. బరువా, జాగానా, ఏది ఎక్కువైతే దానికే బిల్లు" అన్నాడు. కిలో 850 చొప్పున 6,375 రూపాయలు. బొరుగుల ఖరీదు రెండు వందలు కూడా కాదు. బొరుగులంటేనే గాలి కదా, ఆ గాలిని విమానమెక్కించడానికి ఆరు వేలు కట్టి కిందికి దిగాను.

ఈ లెక్క అతను కనిపెట్టింది కాదు, కొరియర్లన్నీ ఇట్లాగే కడతాయి. దాని మీద నాకు కోపం లేదు. కానీ పెట్టె సీలు వేశాక కాకుండా ముందే చెప్పి ఉండాల్సింది. ఫోన్‌లో రేటు అడిగినప్పుడు "కిలో 850" అని ఊరుకున్నాడు.

అసలు తప్పు కాగితాల దగ్గర జరిగింది. సామాను విలువ 2,600 రూపాయలని నేను చెప్తే, ఫారంలో "గిఫ్ట్, తినే పదార్థాలు, 10 డాలర్లు" అని ఒక్క ముక్కలో రాసి పడేశాడు. తక్కువ రాస్తే ట్యాక్స్ పడదని అతని నమ్మకం. ఇంటి వాళ్లు ఇంటి వాళ్లకు పంపే గిఫ్టుకు జర్మనీలో 45 యూరోల దాకా అసలు సుంకమే లేదు. మనది 30 యూరోలు కూడా దాటదు. ఉన్నది ఉన్నట్టు రాసుంటే సరిపోయేది. ఆరు రోజులన్న పార్శిల్ పదమూడో రోజుకు కూడా చేరలేదు. ట్రాకింగ్‌లో "కస్టమ్స్" అన్న మాట దగ్గరే ఆగిపోయింది. కౌంటర్‌కు ఫోన్ చేస్తే రింగయ్యేది, ఎత్తేవాడు కాదు.

చివరికి మా ఆవిడకు ఉత్తరం వచ్చింది, కస్టమ్స్ ఆఫీసుకు స్వయంగా రమ్మని. ల్యాబ్‌లో మొక్కలకు నీళ్లు ఆపిన ఏడో రోజట అది, శాంపిళ్లు తీయాల్సిన రోజు. పక్క సీటు అమ్మాయిని బతిమాలి ట్రామ్ ఎక్కింది. నాకు మధ్యాహ్నం రెండుముప్పావుకు ఫోన్ వచ్చింది, అక్కడ పదింపావు. చలికాలంలో మనం నాలుగున్నర గంటలు ముందుంటాం. క్లాసు వదిలేసి వరండాలోకి వచ్చాను.

పెట్టె ఆమె చేతే కోయించారట. ఎర్రగా ఉన్న పొడి ఏమిటని అడిగారట. ప్రతిదాని పేరు, ధర కాగితం మీద రాసిమ్మన్నారు. శెనక్కాయను జర్మన్‌లో ఎర్డ్‌నుస్ అంటారు. ఎర్డ్ అంటే నేల, నుస్ అంటే కాయ. "వీళ్లకు కూడా నేల కాయేనండీ" అని ఫోన్‌లో నవ్వింది. అప్పటిదాకా ఆమె గొంతులో ఏడుపే ఉంది. నిప్పట్లేమో చిన్న ముక్క కూడా విరగలేదట. కట్టిన బట్టర్ పేపర్ విప్పి ఆ ఆఫీసర్ ముందే ఒకటి తినేసిందట.

ఇక్కడే ఆ మనిషిని పొగడాలి. అంత నేర్పు ఉన్న ప్యాకింగ్ నేనింకెక్కడా చూడలేదు. రెండోసారి, ఉగాదికి ముందు, పక్కనే నిలబడి చూశాను. నిప్పట్లను పది పది పేర్చి బట్టర్ పేపర్‌లో బిగించి చుట్టి, పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టాడు. "పండబెడితే పైదాని బరువు కిందదాని మీద పడుతుంది సార్, నిలబెడితే దేని బరువు దానిదే." పొడులు రెండు కవర్లలో వేసి మెషిన్‌తో సీలు చేశాడు. ఒక సీలు మీద బొటనవేలితో నొక్కి చూసి, నచ్చక కత్తిరించి మళ్లీ వేశాడు. తర్వాత బబుల్ షీటు తీయబోతుంటే నేను ఆపి బొరుగుల సంచి చూపించాను. ఒక్క క్షణం ఆగి, నవ్వి, బొరుగుల్ని చిన్న చిన్న కవర్లలో కొంచెం గాలి ఉంచి సీలు చేసి, నిప్పట్ల చుట్టూ, డబ్బాల మధ్య, మూలల్లో కూరాడు. అంతా అయ్యాక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "చప్పుడు రాకూడదు." రాలేదు.

అదే కొలత పెట్టె, ఈసారి కాటా మీద దాదాపు ఏడు కిలోలు. చింతపండు, ఎండు మిరపకాయలు, రాగిపిండి, అమ్మ నూరిన కొరివికారం, అన్నీ పట్టాయి. బిల్లు అదే 6,375. బొరుగులు ఈసారి ఊరికే వెళ్లాయి.

ఫారం నేనే నింపాను. వస్తువు పేరు, బరువు, ధర వరసగా, మొత్తం 32 యూరోలు, కిరాణా కొట్టు బిల్లు కూడా జత చేశాను. అతనికి నచ్చలేదు, "ఇంత రాస్తే వాళ్లకే అనుమానం సార్" అన్నాడు. ఎనిమిదో రోజు నేరుగా ఇంటి తలుపు దగ్గరికి వెళ్లింది. నెయ్యి సీసా మాత్రం వెనక్కిచ్చాడు, అది న్యాయమే. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి పార్శిల్‌గా రానివ్వరు. కోవా, నెయ్యితో చేసినవి పెట్టకండి. అమ్మకు ఇది చెప్పడం కస్టమ్స్‌కు చెప్పడం కంటే కష్టమైంది. నెయ్యి లేకుండా ఆ పిల్ల సంగటి ఎట్ల తింటుంది అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

చిన్న చిన్నవి కొన్ని. ఆధార్ జిరాక్స్ తీసుకెళ్లండి, లేదంటే మళ్లీ మెట్లు దిగి ఎక్కాలి. ఆదివారం తెరిచే ఉంటుందని బోర్డు మీద ఉంది, ఉండదు. నూనె ఊరగాయ తీసుకుంటాడు గానీ మూత చుట్టూ టేపు వేసి, కవర్లో పెట్టి, ఒక పూట తలకిందులుగా ఉంచి చూశాకే. సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే తొందర తొందరగా కట్టేస్తాడు, పొద్దున వెళ్లండి.

ప్యాకింగ్‌కు ఐదు స్టార్లు, కాగితాలకు ఒకటి, ఫోన్ ఎత్తడానికి సున్నా. మూడోసారి కూడా అక్కడికే పోతున్నాను. పెట్టె వాడు కట్టాలి, ఫారం మనం రాసుకోవాలి.

రేపటి పార్శిల్‌కు చిట్టా నిన్న రాత్రి వచ్చింది. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు ముందుకు జరిపినప్పటి నుంచి తేడా మూడున్నర గంటలే, ఆమె ల్యాబ్ నుంచి వచ్చి గ్యాస్ వెలిగించేసరికి నేను నాన్నకు రాత్రి మాత్రలు ఇస్తుంటాను. బొరుగులు రెండు కిలోలు, పప్పుల పొడి, నిప్పట్లు, ఎండు కరివేపాకు, నేను కాలేజీకి వేసుకుపోయే ఆ బూడిదరంగు స్వెట్టర్. ఉతికింది వద్దట. స్వెట్టర్ దేనికని అడిగితే, నిప్పట్లు విరగకుండా చుట్టడానికి అంది.