ప్రాగ్‌లో సగం రోజే ఉంటే: కోట ఎక్కాలా, విషెహ్రద్ వెళ్లాలా?

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటున్నందుకు నా నెత్తిన పడ్డ అదనపు ఉద్యోగం, వచ్చిన చుట్టాలందరికీ పక్కదేశం చెక్ రాజధాని ప్రాగ్ చూపించడం. రైలెక్కితే రెండున్నర గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. పాత ఊరి చౌరస్తాలో గడియారం, చార్లెస్ వంతెన ఎలాగూ దారిలోనే తగులుతాయి. అవి అయ్యాక చేతిలో మిగిలేది సగం రోజు. ఆ సగం రోజు ఏ కొండకివ్వాలన్నదే ప్రతిసారీ మా ఇంట్లో పంచాయితీ.

కొండలు రెండు. వ్లతావా నదికి ఎడమ ఒడ్డున ప్రాగ్ కోట. కుడి ఒడ్డున, కాస్త ఎగువన, విషెహ్రద్ అనే పాత దుర్గం. చెక్ కథల ప్రకారం విషెహ్రదే ముందు పుట్టింది. రాణి లిబుషె దాని మీద నిలబడి, నక్షత్రాలను తాకే కీర్తి గల నగరం కనిపిస్తోందని జోస్యం చెప్పిందట. తవ్వకాల్లో బయటపడింది వేరు. కోట 880 ప్రాంతంలో మొదలైతే, విషెహ్రద్ 10వ శతాబ్దానిది. అంటే తమ్ముడే అన్నయ్యనని చెప్పుకు తిరుగుతున్నాడన్నమాట.

ముందు కోట సంగతి. ప్రపంచంలోని పురాతన కోటల్లో ఇదే పెద్దదని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. సుమారు 70,000 చదరపు మీటర్లు, మన లెక్కలో 17 ఎకరాల పైమాటే. ఇప్పటికీ చెక్ అధ్యక్షుడి కార్యాలయం ఇక్కడే, అందుకే గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేసినా చేయొచ్చు. లోపల టికెట్ల లైను, ఆ తర్వాత చర్చి లైను. వేసవి మధ్యాహ్నం వెళ్తే మీరు చూసేది ముందున్నవాళ్ల వీపులే. అయితే బయటి ప్రాంగణాలకు టికెట్ అక్కర్లేదు, పొద్దున్నే తెరుస్తారు కూడా.

లోపలి సెయింట్ వీటస్ చర్చి కోసం మాత్రం ఆ లైన్లన్నీ భరించొచ్చు. 1344లో పునాది వేశారు, 1929లో పూర్తి చేశారు. మధ్యలో యుద్ధాలొచ్చి శతాబ్దాల తరబడి సగంలోనే ఆగింది. మేస్త్రీ రెండు నెలలు ఆలస్యం చేశాడని గోలపెట్టే మా నాన్నకి ఈ లెక్క చెబితే కాసేపు మాట్లాడలేదు.

లోపలికి వెళ్తే ఎడమవైపు, చెక్ చిత్రకారుడు అల్ఫాన్స్ ముఖా రూపొందించిన రంగుల అద్దాల కిటికీ ముందు ఆగండి. 1931 నాటిది. నీలం, ఆకుపచ్చ, మధ్యలో బంగారు పసుపు. ఎండ పడితే ఆ రంగులు నేలరాళ్ల మీద పాకుతాయి. కిటికీ అడుగున చూస్తే డబ్బిచ్చిన స్లావియా బ్యాంకు పేరుంటుంది. మన గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయించుకున్నట్టే. అమ్మకి ఆ చర్చిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

పాత రాజప్రాసాదంలో వ్లాదిస్లావ్ హాలు 60 మీటర్ల పైచిలుకు పొడవు. వానాకాలంలో కూడా లోపలే గుర్రాలతో పోటీలు పెట్టుకునేవారు కాబట్టి, గుర్రమెక్కి రావడానికే ఒక వెడల్పాటి మెట్లదారి కట్టారు. ఆ పక్క గదిలోనే 1618 మే 23న తిరగబడ్డ ప్రొటెస్టెంట్ ప్రభువులు కాథలిక్ చక్రవర్తి మనుషులు ఇద్దరినీ, వాళ్ల కార్యదర్శినీ కిటికీలోంచి కిందికి తోసేశారు. సుమారు 20 మీటర్ల ఎత్తు. ముగ్గురూ బతికారు. మేరీమాత కాపాడిందన్నారు కాథలిక్కులు, పేడకుప్ప కాపాడిందన్నారు అవతలివాళ్లు. ఆ తోపులాటే యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధానికి నాంది. ఆ కిటికీలోంచి తొంగిచూడకుండా వచ్చినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

గోల్డెన్ లేన్ గురించి పెద్దగా చెప్పను. బొమ్మరిళ్ల లాంటి ఇళ్లు, 22వ నంబరులో రచయిత కాఫ్కా కొంతకాలం కూర్చుని రాసుకున్నాడు, ఇప్పుడు నిండా దుకాణాలు. చర్చి గోపురానికి 287 మెట్లు, వేరే టికెట్. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ మాటే ఎత్తొద్దు. కొండ కూడా కిందినుంచి ఎక్కొద్దు. 22వ నంబరు ట్రామెక్కి పొహోర్షెలెట్స్ స్టాపులో దిగితే, అక్కణ్నుంచి అంతా దిగుడే.

ఇక విషెహ్రద్. మెట్రో సి లైనులో అదే పేరున్న స్టేషన్. బయటికొస్తే పది నిమిషాల నడక, దాదాపు చదును. గేటు దగ్గర తనిఖీ లేదు, లైను లేదు, కోట గోడల మీద తిరగడానికి రూపాయి అక్కర్లేదు. కుక్కల్ని తిప్పేవాళ్లు, పిల్లల బండ్లు తోసేవాళ్లు, బెంచీల మీద ముసలివాళ్లు. ప్రాగ్ వాళ్లు కనిపించే ప్రాగ్ ఇదే.

నాకీ చోటు నచ్చడానికి సగం కారణం ఇక్కడి కథలు. ఇక్కడి చర్చి పక్క తోటలో మూడు ముక్కలైన రాతిస్తంభం ఉంది. పూజ పూర్తయ్యేలోపు రోమ్ నుంచి స్తంభం తెస్తానని ఒక దయ్యం ఫాదర్‌తో పందెం కట్టిందట. దారిలో పీటర్ పునీతుడు దాన్ని సముద్రంలో ముంచి ఆలస్యం చేయించాడు. ఓడిపోయిన కోపంలో అది స్తంభాన్ని విసిరికొట్టింది. ఇంకో కథలో హొరిమీర్ అనే వీరుడు మరణశిక్ష తప్పించుకోవడానికి గుర్రంతో సహా ఈ గోడ మీంచే దూకి నది ఈదాడు. పిల్లలుంటే ఆ గోడ అంచున ఈ కథ చెప్పండి, చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకోండి.

అసలు గొడవ స్మశానం దగ్గర వస్తుంది. "ఊరు చూపిస్తానని వల్లకాటికి తీసుకొచ్చావేంట్రా?" అంది అమ్మ గేటు దగ్గరే. లోపలికి రావడానికి పావుగంట పట్టింది. సంగీతకారులు డ్వోర్జాక్, స్మెతానా, రచయిత కారెల్ చాపెక్ అందరూ ఇక్కడే ఉన్నారు. 'రోబో' అని మనం రోజూ అనే మాట చాపెక్ 1920 నాటకం ఆర్.యు.ఆర్.తో లోకానికి వచ్చింది, మాట అందించింది అన్న యోసెఫ్. చెక్ భాషలో దాని మూలానికి అర్థం వెట్టిచాకిరీ. కోట చర్చిలో కిటికీ చేసిన ముఖా కూడా స్లావిన్ అనే ఉమ్మడి సమాధిలో ఉన్నాడు. అది చెప్పగానే అమ్మ "ఆ బ్యాంకు కిటికీ ఆయనేనా?" అని ఒక దండం పెట్టి వచ్చింది.

ఇంకోటి. చార్లెస్ వంతెన మీద కనిపించే విగ్రహాల్లో చాలావరకు నకళ్లే. అసలు వాటిలో ఆరు ఈ గోడల లోపలి గొర్లిత్సె అనే చీకటి హాల్లో ఉన్నాయి. దీనికి మాత్రం టికెట్ ఉంది, ఎండాకాలంలో కూడా స్వెటర్ కావాలి. ఆ వంతెన పునాదికి 1357, 9వ తేదీ, 7వ నెల, 5 గంటల 31 నిమిషాలు అని ముహూర్తం పెట్టారని ప్రాగ్‌లో చెప్పుకుంటారు. వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ఇది విన్నాక నాన్న వాళ్లని మనవాళ్లలో కలిపేసుకున్నాడు.

లోటూ చెప్పాలి. విషెహ్రద్‌లో నోరు తెరుచుకుని చూసేంత భవనం లేదు. 11వ శతాబ్దపు సెయింట్ మార్టిన్ గుండ్రటి చర్చి ఎంతో పాతది, చాలా చిన్నది. నవంబరులో చలిగాలికి గోడ మీద పది నిమిషాలు నిలబడలేరు. ఫొటోలు పెడితే "ప్రాగ్ వెళ్లి కోట చూడలేదా?" అని అడిగేవాళ్లకి జవాబు వెతుక్కోవాలి.

అయినా అమ్మానాన్నలొస్తే విషెహ్రదే. మే నెలలో సాయంత్రం గోడ మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. కింద నది, రైలు వంతెన మీద బండి, దూరంగా కోట మీద చర్చి గోపురాలు. కోటలో ఉంటే ఆ కోట కనిపించదు కదా.

వచ్చే నెల తమ్ముడొస్తున్నాడు. వాడికి మోకాళ్లు బాగానే ఉన్నాయి, చరిత్ర పిచ్చి కూడా ఉంది. వాణ్ని పొద్దున మొదటి రైలెక్కించి కోటకే పంపిస్తా, 287 మెట్లూ ఎక్కమంటా.