చిన్న ఎన్‌పీయూకి కెర్నెల్ ఇంటర్‌ఫేస్: ఏది మేలు?

ఎన్‌పీయూ అంటే చిప్‌లో ఏఐ మోడళ్ల లెక్కలు చేసే భాగం. దాన్ని నడిపే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డ్రైవర్ లోపలి కోడ్ ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు. యూజర్‌స్పేస్ (కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రాములు) చేతికి ఇచ్చిన ఐఓసీటీఎల్‌ని, అంటే డ్రైవర్‌కి ఆదేశం పంపే సిస్టమ్ కాల్‌ని మాత్రం, మెయిన్‌లైన్‌లోకి (లినక్స్ అధికారిక కోడ్‌లోకి) వెళ్లాక, వెనక్కి తీసుకోలేం. దాన్ని నమ్ముకున్న ప్రోగ్రామ్ ఒక్కటి ఉన్నా రేపటి కెర్నెల్ మీద అది నడవాల్సిందే. అందుకే ఎన్‌పీయూ డ్రైవర్ అనగానే నా టెన్షన్ అంతా ఆ ఐఓసీటీఎల్‌లని నిర్వచించే ఒక్క హెడర్ ఫైల్ మీదే ఉంటుంది.

సొంతంగా ఒక క్యారెక్టర్ డివైస్ (ప్రోగ్రాములు తెరిచే డివైస్ ఫైల్) పెట్టుకోవాలా, యాక్సెల్ సబ్‌సిస్టమ్‌లో (ఇలాంటి యాక్సిలరేటర్ల కోసం కెర్నెల్‌లో ఉన్న ఉమ్మడి ఏర్పాటులో) చేరాలా అన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. లినక్స్ 6.2తో, అంటే 2023లో, యాక్సెల్ వచ్చింది. అందులో చేరితే డీఆర్ఎమ్‌లో (కెర్నెల్ గ్రాఫిక్స్ సబ్‌సిస్టమ్‌లో) ఉన్న బఫర్ నిర్వహణ, షెడ్యూలర్, ఫెన్సులు (పని పూర్తయిందని చెప్పే గుర్తులు) అన్నీ చేతికొస్తాయి. బదులుగా, ఆ ఇంటర్‌ఫేస్‌ని వాడే ఓపెన్ సోర్స్ యూజర్‌స్పేస్‌ని చూపించాలి. కొందరికి ఇది అడ్డంకిగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే అసలు లాభం: వాడే కోడ్ కళ్ల ముందుంటే తప్ప ఇంటర్‌ఫేస్ బాగుందో లేదో చెప్పలేం.

అసలు ఎంపిక పనిని పంపే దగ్గర వస్తుంది. ఒక దారిలో ప్రతి జాబ్ ఐఓసీటీఎల్ ద్వారా కెర్నెల్‌కి వెళ్తుంది. కెర్నెల్ దాన్ని క్యూలో పెట్టి, వంతు వచ్చినప్పుడు హార్డ్‌వేర్ రిజిస్టర్లలో రాస్తుంది. రెండో దారిలో క్యూ మొత్తం యూజర్‌స్పేస్ మెమరీలోనే ఉంటుంది. ప్రోగ్రామ్ తానే కమాండ్లు రాసి, మ్యాప్ చేసుకున్న డోర్‌బెల్‌ని (కొత్త పని వచ్చిందని హార్డ్‌వేర్‌కి చెప్పే రిజిస్టర్‌ని) తడుతుంది, కెర్నెల్‌కి కబురే ఉండదు.

వినడానికి రెండోదే వేగం. కానీ ఎంత వేగం? సిస్టమ్ కాల్ ఖర్చు మైక్రోసెకన్లలో ఉంటుంది, మామూలు విజన్ మోడల్ ఒక ఫ్రేమ్‌కి మిల్లీసెకన్లు తింటుంది. ఆ కాస్త కూడా తగ్గించాలంటే ఒకే ఐఓసీటీఎల్‌లో టాస్కుల వరుస మొత్తం పంపొచ్చు. ఆర్‌కే3588 చిప్‌లోని మూడు కోర్ల ఎన్‌పీయూ కోసం 6.18లో చేరిన రాకెట్ డ్రైవర్ అలాగే చేస్తుంది: సబ్మిట్‌లో జాబులు, ఒక్కో జాబ్‌లో టాస్కులు.

యూజర్ క్యూకి హార్డ్‌వేర్ కూడా సహకరించాలి. ప్రాసెస్‌కొక పేజీ టేబుల్ (మెమరీ అడ్రసుల పటం), మధ్యలో ఆపి ఇంకొకరికి వంతు ఇచ్చే షెడ్యూలర్, ఒకడి తప్పు పక్కవాడికి అంటకుండా ఆపే ఏర్పాటు ఉండాలి. చిన్న ఎన్‌పీయూల్లో చాలావాటికి ఇవి ఉండవు. పైగా కెర్నెల్ ఇచ్చే ఫెన్స్ ఎప్పుడో ఒకప్పుడు తప్పక పూర్తవుతుందని మాట ఇవ్వాలి. యూజర్ క్యూలో ఏముందో కెర్నెల్‌కే తెలియకపోతే ఆ మాట ఎవరి భరోసాతో ఇస్తుంది? కెర్నెల్ దారిలో జాబ్ ఇరుక్కుంటే టైమౌట్ కొట్టి, చిప్‌ని రీసెట్ చేసి, తర్వాతి జాబ్‌కి వెళ్లిపోవచ్చు. చిన్న చిప్‌కి ఇదే మేలని నేను గట్టిగా చెబుతాను. భారీ సర్వర్ కార్డుల సంగతి వేరు.

భద్రత విషయంలో ఒకే సూత్రం అందరికీ సరిపోదు. ఐఓఎమ్ఎమ్‌యూ (డివైస్ ఏ మెమరీని తాకగలదో హద్దు పెట్టే హార్డ్‌వేర్) ఉంటే ఒక్కో క్లయింట్‌కి వేరే అడ్రస్ స్పేస్ ఇచ్చి, కమాండ్లలో ఏముందో చూడకుండా వదిలేయొచ్చు. లేకపోతే కమాండ్ స్ట్రీమ్‌ని కెర్నెల్ తన దగ్గరికి కాపీ చేసుకుని, అడ్రసులన్నీ బఫర్ హద్దుల్లోనే ఉన్నాయో లేదో వరుసగా చూడాలి. ఆర్మ్ సంస్థ చిన్న ఎన్‌పీయూ అయిన ఈథోస్-యూ డ్రైవర్‌ది ఈ రెండో పద్ధతి. కాపీ ఎందుకంటే, తనిఖీ అయ్యాక ప్రోగ్రామ్ దాన్ని మార్చేయకుండా.

సింక్రనైజేషన్‌లో, అంటే ఏ పని తర్వాత ఏది అన్న లెక్కలో, నాకు పట్టింపు తక్కువ. జాబ్‌తో పాటు ఇన్‌పుట్, అవుట్‌పుట్ బఫర్ల హ్యాండిళ్లు ఇచ్చి, ఫెన్సుల సంగతి కెర్నెల్‌కి వదిలేయొచ్చు. లేదా పాంథర్, ఎక్స్‌ఈ లాంటి కొత్త జీపీయూ డ్రైవర్లలా సింక్ ఆబ్జెక్టులు (ఫెన్సుల్ని పట్టుకునే హ్యాండిళ్లు) ప్రోగ్రామ్‌నే స్పష్టంగా అడగొచ్చు. మోడల్‌ని ఒక్కసారిగా నడిపి ఫలితం కోసం ఆగే పనికి మొదటిది చాలు. రెండోది తర్వాత కలుపుకోవచ్చు, అందుకు చోటు ఉంచితే.

ఆ చోటు ఉంచడంలోనే చాలామంది జారిపడతారు. టాస్క్ స్ట్రక్ట్‌లో (టాస్క్ వివరాల ఫీల్డుల కట్టలో) 64 బిట్ల అడ్రస్, దాని వెనకే 32 బిట్ల కమాండ్ల లెక్క పెట్టారనుకోండి. 64 బిట్ల కెర్నెల్‌కి అది 16 బైట్లు, చివర్లో 4 బైట్ల ఖాళీతో. 32 బిట్ల ఎక్స్86 ప్రోగ్రామ్‌కి అదే 12 బైట్లు. మొదటి టాస్క్ చక్కగా నడుస్తుంది, రెండోదాన్ని కెర్నెల్ 4 బైట్లు పక్కకి జరిగి చదువుతుంది. ఒకే టాస్క్‌తో రాసిన టెస్టులన్నీ పాస్ అవుతాయి. ఆ ఖాళీని నింపే 4 బైట్ల ప్యాడ్ ఫీల్డ్‌ని చేత్తో రాసేస్తే ఈ గోల ఉండదు.

స్ట్రక్ట్‌ని పెంచే దగ్గర రెండు దారులున్నాయి: ముందే నాలుగైదు రిజర్వ్‌డ్ ఫీల్డులు పెట్టుకోవడం, లేదా అవసరమైనప్పుడు చివర్లో చేర్చడం. చివర్లో చేర్చడమే మేలు. పాత ప్రోగ్రామ్ చిన్న స్ట్రక్ట్ పంపితే మిగతా భాగాన్ని డీఆర్ఎమ్ సున్నాలతో నింపుతుంది, కాబట్టి కొత్త ఫీల్డ్‌లో సున్నా అంటే పాత ప్రవర్తన అని పెట్టుకుంటే చాలు. కానీ ఈ రక్షణ ఐఓసీటీఎల్‌కి నేరుగా ఇచ్చే పై స్ట్రక్ట్‌కి మాత్రమే. దానిలో పాయింటర్‌గా వచ్చే టాస్కుల వరుసకి ఇది వర్తించదు. ఒక్కో టాస్క్ ఎన్ని బైట్లో ప్రోగ్రామ్ చేతే చెప్పించుకుని, ఆ అడుగుతోనే కెర్నెల్ ముందుకు నడవాలి. రాకెట్ సబ్మిట్‌లో జాబ్ స్ట్రక్ట్ సైజుకి ఒక ఫీల్డ్ ఉన్నది ఇందుకే.

ప్యాడ్‌లో గానీ తెలియని ఫ్లాగ్ బిట్‌లో గానీ సున్నా కానిది కనిపిస్తే మొదటి రోజు నుంచే ఎర్రర్ ఇవ్వండి. ఈరోజు చూసీ చూడనట్టు వదిలేస్తే ఎవరో ఒకరి ప్రోగ్రామ్ అక్కడ చెత్త పంపడం మొదలుపెడుతుంది. రెండేళ్ల తర్వాత ఆ బిట్‌కి మీరు అర్థం ఇవ్వబోతే ఆ ప్రోగ్రామ్ విరుగుతుంది, మీ ప్యాచ్ వెనక్కి వస్తుంది.