సాయంత్రం నాలుగు తర్వాత: పాలమూరు, నల్లగొండల్లో ఐదు రోజులు

మా పాప పోయే డేకేర్ బిల్డింగ్ మారుతోందని సెప్టెంబర్ ఆఖరులో వారం రోజులు మూసేశారు. ఫీజు మాత్రం ఆ వారానికి కూడా కట్టించుకున్నారు. హైదరాబాద్ కొండాపూర్‌లో నెలకు 14,000 రూపాయలు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఉంచుకుంటారు, ఆరున్నర దాటితే అరగంటకు 200. ట్రాఫిక్ పుణ్యమా అని ఆ రెండొందలు నెలకు పది పన్నెండు సార్లు కడుతూనే ఉంటాను. నా జీతం 46,000, అద్దె 16,000. పాప తండ్రి ఈ లెక్కలో లేడు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు 50 మందీ ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లలను చూసుకునే చోటు, ఉండాలన్నారు. మా ఆఫీసులో మేం 43 మందిమి.

ఎట్లాగూ సెలవు పెట్టక తప్పలేదు కాబట్టి పాపను తీసుకుని బయల్దేరాను. పేరుకు తిరగడానికే. లోపల మాత్రం, మూడున్నరేళ్ల పిల్లను ఊరి దిక్కు ఉంచితే ఎట్లుంటుందో చూసి రావాలని.

ఆరాంఘర్‌లో పాలమూరు, అదే మహబూబ్‌నగర్, ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిచ్చాడు. టికెట్ దొరికింది గానీ సీటు దొరకలేదు. షాద్‌నగర్ దాకా నేను నిలబడే ఉన్నాను, పాప ఎవరో పెద్దమ్మ ఒళ్లో కూర్చుంది. బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు చూసి దిగుదామని ఒకటే ఏడుపు. ఆ ఊరి పేరుతోనే ఒక సీతాఫలం రకం ఉందని చెప్పినా దానికేం పట్టింది!

మహబూబ్‌నగర్ చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మా ఊరికి ఆఖరి పల్లెవెలుగు వెళ్లిపోయింది. బస్టాండ్ దగ్గర లాడ్జి, 900. కౌంటర్ దగ్గరాయన ఆధార్ చూసి, మళ్లీ నన్ను చూసి, "సార్ ఎనుక వస్తున్నడా?" అన్నాడు. రావట్లేదన్నాక కూడా రిజిస్టర్‌లో భర్త పేరు గడి నింపాలన్నాడు. మా నాయన పేరు రాసిచ్చాను. గది శుభ్రమే, దుప్పట్లు ఉతికినవే, పొద్దున బకెట్ వేడినీళ్లు అడగకుండానే పెట్టారు. పాపకు పాలు కావాలంటే మాత్రం కిచెన్ లేదన్నారు. ఎదురుగా టిఫిన్ బండి ఆమె స్టవ్ ఆర్పబోతూ నా ముఖం చూసి గ్లాసుడు కాచిచ్చింది, పైసలు తీసుకోలేదు. పిల్లలతో ఒంటరిగా వచ్చేవాళ్లకు ఆ లాడ్జి చెప్పను, ఆ బండి చెప్తాను.

పొద్దున టౌన్‌లో ఒక ప్లే స్కూల్ చూశాం. ఏడాదికి 22,000, అంటే కొండాపూర్‌లో నెలన్నర. చిన్న చిన్న బాత్రూం సీట్లు, చాపలు పరిచిన నిద్ర గది, అంతా ముద్దుగా ఉంది. బడి మూడున్నరకు ఐపోతుంది. నెలకు ఇంకో 2,500 కడితే ఆరింటి దాకా ఉంచుకుంటారట. బాగుంది, కానీ ఆరింటికి నేను ఎక్కడుంటాను? ఇక్కడే ఇల్లు తీసుకుని రైల్లో పోయి వద్దామన్నా కాచిగూడకే రెండు గంటల పైన. అక్కడి నుంచి కొండాపూర్ మళ్లీ ఇంకో ప్రయాణం.

అక్కడి నుంచి ఆటోలో పిల్లలమర్రి, నాలుగు కిలోమీటర్లు. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు. ఊడలన్నీ దిగి మానులై, అసలు మొదలు ఏదో తెలియకుండా మూడెకరాల పైన పరుచుకుంది. చిన్నప్పుడు ఆ ఊడల కిందే సద్ది తిన్నాం. 2017లో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక లోపలికి పోనివ్వడం ఆపేశారు, మేము కూడా కంచె ఇవతలి నుంచే చూశాం. చెదలు పట్టిన మానుకు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారని చెప్తే పాప తన ఎడమ చెయ్యి తడుముకుంది. జులైలో దానికీ ఎక్కించారు. ఒళ్లు కాలితే డేకేర్ వాళ్లు రానివ్వరు, ఆ వారం నాకు జీతం కోత. చెట్టు కోసం ఇక్కడికి రావొచ్చు గానీ పిల్లలను ఊడలు పట్టి ఊగనిస్తామని ఆశపెట్టి తీసుకురాకండి.

మధ్యాహ్నానికి ఊరు, అమ్మావాళ్లిల్లు. మర్నాడు అంగన్‌వాడీకి తీసుకుపోయాను. చెప్పుకోవాల్సింది దీని గురించే. టీచరమ్మ పాపను తూకం మీద నిలబెట్టింది, పదమూడు కిలోలు. గోడకున్న కొలబద్దకు ఆనించి ఎత్తు చూసింది. చార్టు మీద వేలు పెట్టి, ఆకుపచ్చలోనే, అంటే సరైన బరువులోనే ఉంది గానీ కింది గీతకు దగ్గరుంది, కొంచెం తినిపియ్యమంది. రెండేళ్లుగా 14,000 కట్టే చోట ఒక్కసారి కూడా ఎవరూ తూచలేదు! మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు. ఇంట్లో గుడ్డు చూస్తే మూతి తిప్పే పిల్ల, పక్కవాడు తింటున్నాడని పోటీకి తినేసింది. ఫీజు లేదు. ఉన్నది ఒకటే గది, గాలి ఆడదు, బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు. నాలుగింటికి ఆయమ్మ తాళం వేసింది.

నాలుగు తర్వాత అమ్మ. రాత్రి వాకిట్లో అదే మాట ఎత్తాను.

"ఇడ్సిపో బిడ్డా, మేం నిన్ను అవ్వకాడ ఇడ్సి బొంబాయి పోలేదా" అంది.

పోయారు. బొంబాయి బస్సెక్కి, బిల్డింగుల పనికి, మూడేళ్లు. పాలమూరులో ఇది కొత్త కథ కాదు, ప్రతి వాడకూ ఉంటుంది. వాళ్లు తిరిగొచ్చిన రోజు నేను అవ్వ కొంగు వెనక దాక్కున్నానని అమ్మే నవ్వుతూ చెప్తుంటుంది. ఆ రాత్రి మాత్రం చెప్పలేదు, నేనూ గుర్తు చేయలేదు.

నల్లగొండలో అక్క ఉంటుంది. కల్వకుర్తిలో ఒక బస్సు, దేవరకొండలో ఇంకో బస్సు మారి వెళ్లేసరికి పగలంతా అయింది. పసిపిల్లలతో ఈ దారి వద్దనే చెప్తాను. అక్క గల్లీలో ఒకామె ఇంట్లోనే నలుగురు పిల్లలను చూస్తుంది, నెలకు 4,000, ఎంత ఆలస్యమైనా ఏమనదు. వెళ్లి చూస్తే పిల్లలు నలుగురూ కుదురుగా కూర్చున్నారు, టీవీ ముందు. పదకొండింటికి అట్లే ఉన్నారు, మూడింటికీ అట్లే ఉన్నారు.

ఆఖరి రోజు పానగల్లు, ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోళుల నాటి గుడి, నల్లగొండకు దగ్గరే, జనం తక్కువ. గర్భగుడిలో లింగం మీద ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. ముందున్న స్తంభాల మధ్య నుంచి వెలుతురు వచ్చేలా కట్టిన తీరులోనే ఉంది ఆ కిటుకంతా. పాప మెట్టు మీద కూర్చుని చాలాసేపు చూసి, "వాళ్లమ్మ వచ్చేదాకా ఇక్కణ్నే ఉంటదా?" అంది.

చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ వస్తుంటే బస్సులోంచే అమ్మకు ఫోన్ చేశాను. జీరో టికెట్ మీద సోమవారం వచ్చి శుక్రవారం పోతావా అని. పాపను మధ్యాహ్నం దాకే డేకేర్‌లో ఉంచితే 7,500. అమ్మ మోకాళ్లన్నది, బర్రె అన్నది, ఆఖరుకు "మీ నాయనకు రొట్టెలెవరు చేస్తరు?" అన్నది.

వెనక నుంచి నాయన గొంతు: "నేనే చేసుకుంట తియ్. బొంబాయిల ఎవరు చేసిన్రు?"

ఇప్పటికి మూడు సోమవారాలు వచ్చింది. మొన్న జడ్చర్ల దాకా నిలబడే వచ్చిందట. ఆరాంఘర్‌లో దిగాక మోకాలు పట్టుకుని పది నిమిషాలు కూర్చుండిపోయింది. పాప మాత్రం సంచిలో చెయ్యి పెట్టి సీతాఫలాలు ఎన్ని పండాయో నొక్కి చూస్తోంది.