విలుకాడికి రేంజ్‌ఫైండర్: గోల్ఫ్ రకమా, వేట రకమా, ఏది మేలు?

లేజర్ రేంజ్‌ఫైండర్ (లేజర్ కిరణంతో దూరం కొలిచే పరికరం) కొనాలనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు అన్న ప్రశ్న ఈ మధ్య నాకు రెండు వైపుల నుంచి వస్తోంది. ఒకవైపు తిరుపతి, చంద్రగిరి ప్రాంతాల్లో ఫీల్డ్ ఆర్చరీ, అంటే ఎగుడుదిగుడు నేలలో వేర్వేరు దూరాల్లోని గురులను విల్లుతో కొట్టే క్రీడ, సాధన చేస్తున్నవారు అడుగుతున్నారు. మరోవైపు డల్లాస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడి, లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల వేటకు వెళుతున్న మనవాళ్లు అడుగుతున్నారు. మన దేశంలో వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. సాధన కోసమే అయినా శేషాచలం అడవి అంచున విల్లు పట్టుకుని తిరగడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. కాబట్టి ఇక్కడివారికి ఇది సొంత తోటలోనో మైదానంలోనో కంటి అంచనాను సరిచూసుకునే పరికరం మాత్రమే. అయినా ఇద్దరూ చూడవలసిన గుణాలు దాదాపు ఒకటే గనుక కలిపే రాస్తున్నాను.

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే వెయ్యి గజాలు, పదిహేను వందల గజాలు అన్న అంకెలను ముందుగా పక్కన పెట్టేయాలి. అవి తుపాకి వాడేవారికి పనికొచ్చే అంకెలు. విల్లుతో వేటాడేవారు వేసే బాణాల్లో చాలాభాగం నలభై గజాల లోపే. వరల్డ్ ఆర్చరీ నిబంధనల ప్రకారం జరిగే ఫీల్డ్ ఆర్చరీలో కూడా గురి అరవై మీటర్లు దాటదు. అయితే ఈ కొద్ది దూరంలోనే పొరపాటుకు ఖరీదు ఎక్కువ. సెకనుకు సుమారు 85 మీటర్ల వేగంతో బాణం వదిలే కాంపౌండ్ విల్లుతో (చివర్లలో కప్పీలు ఉండేది), 45 మీటర్ల దూరంలో ఉన్న గురిని 40 మీటర్లనుకుని కొడితే బాణం దాదాపు 15 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. సెకనుకు 58 మీటర్ల వేగం ఉన్న రికర్వ్ విల్లుతో (కప్పీలు లేకుండా కొసలు ముందుకు వంగి ఉండేది) అదే పొరపాటు ఒక అడుగుకు పైమాటే. జింక ఛాతీలో ప్రాణాధారమైన భాగం ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల వెడల్పుకు మించదు గనుక, మధ్యకు గురిపెట్టిన బాణం ఆ కాస్త తేడాతోనే ఆ భాగం తప్పిపోతుంది.

ఇక నా దృష్టిలో ఎంపికను తేల్చేది ఒకే ఒక్క విషయం: గురి ఎత్తులోనో పల్లంలోనో ఉన్నప్పుడు పరికరం ఏ అంకె చూపిస్తుంది? బాణం కిందికి ఎంత దిగుతుందన్నది కంటికి, గురికి మధ్య ఏటవాలు దూరాన్ని బట్టి కాక, నేల మీద సమతలంగా కొలిచిన దూరాన్ని బట్టి ఉంటుంది. ముప్పై డిగ్రీల వాలులో ఏటవాలు దూరం 40 మీటర్లుంటే సమతల దూరం 34.6 మీటర్లే, గురి పైన ఉన్నా కింద ఉన్నా మనం ఆ తక్కువ దూరానికే సైట్ పిన్ (విల్లు మీద ఒక్కో దూరానికి ఒకటిగా ఉండే గురి ముల్లు) ఎంచుకోవాలి. వేట రకం పరికరాల్లోని విల్లు మోడ్ ఈ లెక్క తానే వేసి, అదే అంకె చూపిస్తుంది.

గోల్ఫ్ పరికరంలోనూ వాలు లెక్క ఉంటుంది. మన ఆన్‌లైన్ అంగళ్లలో వెతికితే ముందు కనిపించేవి కూడా అవే. వాటి మీద రాసి ఉన్న స్లోప్ అన్న మాట చూసి చాలామంది సరే ఇది చాలుననుకుంటారు. కాని ఆ లెక్క వేరు. గోల్ఫ్ బంతి ఎత్తుకు లేచి పైనుంచి దిగుతుంది. మిట్ట మీదికి కొట్టినప్పుడు అది పూర్తిగా దిగకముందే నేలను తాకుతుంది గనుక, ఇంకాస్త బలంగా కొట్టమని చెప్పడానికి పరికరం దూరాన్ని పెంచి చూపుతుంది. విలుకాడు తగ్గించవలసిన చోట అది పెంచుతుందన్నమాట. పల్లంలోకి చూసినప్పుడు తగ్గిస్తుంది గాని, విల్లుకు కావలసిన దానికంటే చాలా ఎక్కువ తగ్గిస్తుంది. స్లోప్ ఆపేసి సమతల మైదానంలో వాడుకుంటే గోల్ఫ్ పరికరాన్ని తప్పుపట్టనక్కరలేదు. కొండ అంచు తోటలో సాధన చేసేవారికి మాత్రం అది కొరగాదు.

చేతిలో ఉన్న పరికరం ఏ లెక్క వేస్తోందో తెలుసుకోవడానికి ఊళ్లోని ఓవర్‌హెడ్ ట్యాంకు చాలు. ట్యాంకు స్తంభం మొదటి నుంచి ముప్పై మీటర్ల దూరంలో నిలబడి ముందు స్తంభాన్ని సమంగా చూసి కొలవండి. తర్వాత ట్యాంకు పై అంచును చూసి కొలవండి. ఆ అంచు మీ కంటికి పదిహేను మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, మామూలు మోడ్ దాదాపు 33.5 చూపుతుంది, విల్లు మోడ్ మళ్లీ ముప్పైకే వస్తుంది, గోల్ఫ్ స్లోప్ మోడ్ అయితే 33.5ను కూడా దాటి పైకి పోతుంది. ఎదురుగా ఎండ లేని వేళ చూస్తే అంకె వెంటనే దొరుకుతుంది.

అయితే చెట్టు మీద కట్టిన స్టాండులో కూర్చుని వేటాడే అమెరికా మిత్రులు ఈ విషయంలో అంతగా బెంగపెట్టుకోనక్కరలేదు. ఇరవై అడుగుల ఎత్తు నుంచి, చెట్టు మొదటికి ఇరవై గజాల దూరంలో ఉన్న జింకను కొలిస్తే ఏటవాలు దూరం 21 గజాలు వస్తుంది. తేడా ఒక్క గజమే. ప్రకటనల బొమ్మల్లో ఎక్కువగా చెట్టు స్టాండునే చూపించి వాలు లెక్కను అమ్మడం నాకు కొంత వింతగానే ఉంటుంది. కొలరాడో లాంటి కొండ రాష్ట్రాల్లో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లేవారికే అది నిజంగా అక్కరకొస్తుంది.

చెట్టు స్టాండులో కూర్చునేవారు ముందు చూడవలసింది అంకెల రంగు. జింకలు మేతకు బయటికొచ్చేది మసక వెలుతురులో. నల్లని ఎల్‌సీడీ అంకెలు పట్టపగలు ఎంత స్పష్టంగా ఉన్నా, మసకలో ముదురు నేపథ్యంలో కలిసిపోతాయి. సాయంత్రం ఆరు దాటాక తోతాపురి చెట్ల కింద నీడలోకి గురిపెట్టి చూస్తే, అంకె వచ్చిందో లేదో కూడా తెలియదు. ఎర్రగా వెలిగే ఓఎల్‌ఈడీ తెరకు ఈ బాధ లేదు. దాని కాంతిని తగ్గించుకునే వీలుందో లేదో చూసుకోవాలి, లేకపోతే చీకట్లో ఆ ఎరుపే కంటికి అడ్డమవుతుంది.

కొమ్మల సంగతి కూడా ఉంది. గోల్ఫ్ పరికరం వెనక ఉన్న చెట్లను వదిలి ముందున్న గోల్ఫ్ గుంత జెండాను పట్టుకునేలా తయారవుతుంది గనుక, మామిడి కొమ్మ అడ్డం ఉంటే ముప్పై మీటర్ల గురికి బదులు పన్నెండు మీటర్ల దూరంలోని ఆకును కొలిచి ఊరుకుంటుంది. వేట పరికరాల్లో చాలావాటికి ముందున్న పొదను వదిలి వెనకదాన్ని పట్టుకునే మోడ్ ఉంటుంది.

పేర్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: బుష్నెల్‌లో ఏఆర్‌సీ (వాలు లెక్క వేసే) విల్లు మోడ్ ఉన్నవి, ల్యూపోల్డ్‌లో విలుకాళ్ల కోసమే చేసిన ఫుల్‌డ్రా శ్రేణి చూడదగ్గవి. ఫుల్‌డ్రా 5లో బాణం దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఎక్కడ వస్తుందో చూపించే ఏర్పాటు ఉంది. మీద వేలాడే కొమ్మకు బాణం తగులుతుందా అన్నది దాంతో ముందే తెలుస్తుంది. ఖర్చుకు వెనకాడకపోతే నా ఓటు దానికే. బడ్జెట్ తక్కువైతే దూరపు సామర్థ్యం తగ్గించుకోండి గాని విల్లు మోడ్‌నూ ఎర్ర తెరనూ వదులుకోవద్దు.

మిగిలినవి ఒక్కో మాటతో సరిపోతాయి. మేస్త్రీలు వాడే లేజర్ మీటరు గదుల్లో మిల్లీమీటర్లతో సహా చెబుతుంది. ఎండలో దాని ఎర్ర చుక్క కనిపించదు. ఫోన్ యాప్‌లు కెమెరాతో చేసే అంచనా విల్లుకు చాలదు. విల్లుకే బిగించే, దూరం కొలిచే సైట్ గార్మిన్ జీరో 2018లో వచ్చింది, పనితనం బాగుంది. కాని విల్లుకు ఎలక్ట్రానిక్ పరికరం తగిలించడాన్ని ఒప్పుకోని రాష్ట్రాలు అమెరికాలో ఉన్నాయి గనుక కొనేముందు అక్కడి వేట నిబంధనలు చదవాలి. ఇక్కడి ఫీల్డ్ ఆర్చరీ సాధకులు కూడా పోటీలో ఏ రేంజ్‌ఫైండర్‌నూ వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. కాబట్టి సాధనలో ముందు దూరం ఎంతో పైకి చెప్పి, ఆ తర్వాతే మీట నొక్కాలి. వేట రకాల్లో చాలావాటికి సీఆర్2 బ్యాటరీ పడుతుంది. దాన్ని సీఆర్123తో పొరబడకుండా, పరికరంతో పాటే అదనంగా ఒకటి తెప్పించుకోండి.