లీజర్ సెంటర్ అప్రెంటిస్‌షిప్: చేరి మూడేళ్లు దాటాక నా అభిప్రాయం

ఇంగ్లాండ్‌లో ఈతకొలను, ఆటల హాలు ఉన్న ఒక లీజర్ సెంటర్‌లో 2022 సెప్టెంబరులో లీజర్ టీమ్ మెంబర్ లెవల్ 2 అప్రెంటిస్‌షిప్‌లో (జీతం తీసుకుంటూ పని నేర్చుకునే శిక్షణలో) చేరి, దానిని పూర్తిచేసి, అదే కేంద్రంలో ఉద్యోగిగా కొనసాగుతున్నాను. స్టూడెంట్ వీసా మీద వచ్చినవారికి ఈ దారి లేదు కనుక, ఇక్కడే స్థిరపడిన కుటుంబాల పిల్లల్లో డిగ్రీ కంటే ముందు పని నేర్చుకోవాలనుకునేవారి కోసమే ఇది రాస్తున్నాను.

కొలను దగ్గర కాపలాకు నిలబడాలంటే నేషనల్ పూల్ లైఫ్‌గార్డ్ క్వాలిఫికేషన్ వంటి అర్హత ఉండాలి. పదహారేళ్లు నిండినవారు ఆ శిక్షణకు వెళ్లవచ్చు గాని, 50 మీటర్లు 60 సెకన్లలోపు ఈదాలి, లోతైన చోట అడుగుదాకా మునగాలి, నిచ్చెన సాయం లేకుండా గట్టెక్కాలి. మొదటిసారి నాకు 64 సెకన్లు పట్టింది. ఆ నాలుగు సెకన్లు తగ్గించుకోవడానికి రెండు వారాల సాయంత్రాలు ఖర్చయ్యాయి. పది సెకన్లలో మన పరిధిలోని నీళ్లంతటినీ చూడాలని, ఇరవై సెకన్లలో ఆపదలో ఉన్న మనిషిని చేరుకోవాలని నేర్పుతారు. అయితే కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ పడి నీళ్లు అద్దంలా మెరిసినప్పుడు అడుగున ఏమీ కనిపించదని, కుర్చీ దిగి చోటు మార్చుకోవాలని పుస్తకంలో చదివినా, కళ్లారా చూశాకే నాకు తలకెక్కింది. ఈ అర్హత రెండేళ్లే చెల్లుతుంది; ఆ తర్వాత మళ్లీ పరీక్ష ఇవ్వాల్సిందే.

నాకు అన్నిటికంటే నచ్చినది నీటి పరీక్ష. తెల్లవారకముందే గొట్టంలోకి కొలను నీరు తీసుకుని, క్లోరిన్‌ను రంగుతో చూపే డీపీడీ నంబర్ 1 మాత్రను చేతితో ముట్టకుండా వేసి పుల్లతో నలిపితే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగును బట్టి ఫ్రీ క్లోరిన్, అంటే మురికితో ఇంకా కలవకుండా మిగిలిన క్లోరిన్, ఎంతుందో తెలుస్తుంది. నంబర్ 3 మాత్ర కూడా వేస్తే మొత్తం క్లోరిన్ తెలుస్తుంది. ఆ రెంటి మధ్య తేడాయే చెమట, మూత్రం వంటివాటితో కలిసిపోయిన క్లోరిన్. ముక్కు మండించే వాసన వస్తే క్లోరిన్ ఎక్కువ వేశారని సందర్శకులు మా మీద విసుక్కుంటారు గాని, ఆ వాసన చాలావరకు ఈ కలిసిపోయిన క్లోరిన్‌దే. స్నానం చేయకుండా కొలనులోకి దూకేవారిని ఆపవలసి వచ్చినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తుకొస్తుంది.

బ్యాడ్మింటన్ నెట్లు కట్టడం, దుస్తులు మార్చుకునే గదులు కడగడం, రిసెప్షన్‌లో కోపంగా ఉన్నవారికి సమాధానం చెప్పడం వంటివి కూడా పనిలో భాగమే. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. తుడుపుకర్ర పట్టడానికి సిగ్గుపడేవారు మాత్రం ఇటు రాకపోవడమే మేలు.

ఇక జీతం. చేరినప్పుడు అప్రెంటిస్ కనీస వేతనం గంటకు 4.81 పౌండ్లు, 2023 ఏప్రిల్ నుంచి 5.28. మొదటి ఏడాది పూర్తయ్యాకే నా వయసుకు వర్తించే 7.49 పౌండ్లు చేతికొచ్చాయి. ఇంట్లో ఉండి చేశాను కనుక నెట్టుకొచ్చాను. అద్దె కట్టుకుంటూ అయితే ఆ మొదటి ఏడాది గడిచేది కాదు.

అంతకన్నా పెద్ద ఫిర్యాదు ఒకటుంది. పూర్తికాల అప్రెంటిస్‌కు జీతంతో కూడిన పని వేళల్లోనే వారానికి కనీసం ఆరు గంటలు శిక్షణకు కేటాయించాలన్నది నేను చేరిన నాటి నియమం. మా దగ్గర ఎవరు సెలవు పెట్టినా ముందు ఎగిరిపోయేవి ఆ గంటలే. వసంతం నాటికి నా పోర్ట్‌ఫోలియో (నేర్చుకున్న పనికి ఆధారాలు కూర్చే ఫైలు) మూడు నెలలు వెనకబడింది. ఆ గంటల లెక్క రాసుకున్న నోట్‌బుక్‌ను సమీక్షా సమావేశంలో ట్యూటర్ ముందు పెట్టిన తర్వాతే, మంగళవారం మధ్యాహ్నం షిఫ్టు పట్టికలో నా పేరు పక్కన ‘శిక్షణ’ అని రాయడం మొదలుపెట్టారు. చివరి మూల్యాంకనానికి బయటి పరీక్షకుడు వచ్చేనాటికి పని అంతా సిద్ధంగా ఉందంటే ఆ మధ్యాహ్నాల పుణ్యమే.

అందుచేత ఇంటర్వ్యూకు వెళ్లేవారు రెండు విషయాలు అడగండి: లైఫ్‌గార్డ్ శిక్షణ ఖర్చు ఎవరు భరిస్తారు, ఆ శిక్షణ గంటలు షిఫ్టు పట్టికలో ఏ రోజు కనిపిస్తాయి. రెండోదానికి ‘వీలు చూసుకుని’ అన్న జవాబు వస్తే, మరో కేంద్రానికి కూడా దరఖాస్తు పంపి ఉంచండి.