సముద్ర ప్రవాహం తెలియాలంటే ఏది మేలు: కొట్టుకొచ్చిన వస్తువా, డ్రిఫ్టర్ బోయా?

నీరు ఎటు పోతోందో తెలియాలంటే, 15 మీటర్ల లోతున పొడవాటి గుడ్డ గొట్టం వేలాడే డ్రిఫ్టర్ బోయ్‌నే నమ్మాలి. బోయ్ అంటే నీటిపై తేలుతూ తన స్థానం పంపే పరికరం; ఆ గొట్టాన్ని డ్రోగ్ అంటారు. నీటి మీద పడిపోయిన వస్తువు ఏ ఒడ్డుకు చేరుతుందో తెలియాలంటే మాత్రం కొట్టుకొచ్చిన వస్తువే మేలు. ఈ రెండూ ఒకే ప్రశ్న అనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

తేడా అంతా గాలిది. గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తోందనుకోండి. బాగా పైకి తేలే ప్లాస్టిక్ వస్తువును అది తన వేగంలో సుమారు 3 శాతంతో తోస్తుంది. అంటే రోజుకు 26 కిలోమీటర్లు, ప్రవాహంతో సంబంధం లేకుండానే! అదే గాలికి డ్రోగ్ ఉన్న బోయ్ పక్కకు జారేది సెకనుకు 0.7 సెంటీమీటర్లే, రోజంతా కలిపితే 600 మీటర్లు.

కానీ అలల కుదుపుకు డ్రోగ్ ఊడిపోతుంటుంది. బోయ్ మాత్రం ఏమీ జరగనట్టు తన స్థానం పంపుతూనే ఉంటుంది. సెన్సర్ ఆ సంగతి పట్టుకోకపోతే గాలి తోపు కూడా ప్రవాహం ఖాతాలో పడుతుంది. ఒక దశలో ఇలాంటి డేటా వల్లే ప్రవాహాలు ఏటికేడు బలపడుతున్నట్టు లేని ధోరణి కనిపించింది. అందుకే డేటా వాడేముందు డ్రోగ్ ఏ తేదీ వరకు ఉందో చూడండి.

ఇక కొట్టుకొచ్చిన వాటి విషయం. 1992 జనవరి 10న ఉత్తర పసిఫిక్‌లో ఓడ మీంచి పడ్డ కంటైనర్‌లోని 28,800 స్నానాల బొమ్మల్లో మొదటివి నవంబర్‌లో అలాస్కాలోని సిట్కాకు చేరాయి. సుమారు 3,200 కిలోమీటర్లు, పది నెలలు. బయలుదేరిన చోటు, తేదీ కచ్చితంగా తెలియడమే వాటి విలువ. మధ్యలో ఏ దారిన వచ్చాయో అవి చెప్పవు. పైగా దొరికిన రోజు, చేరిన రోజు ఒకటి కానక్కర్లేదు. ఇసుకలో ఎన్నాళ్లు పడి ఉన్నాయో ఎవరికి తెలుసు? 1990 మేలో పడ్డ నైకీ బూట్లు ఇంకొంచెం నయం. అవి నీటిలో మునిగి తేలుతాయి కాబట్టి గాలికి తక్కువగా దొరుకుతాయి.

రెండూ కలిపి వాడితేనే అసలు ఫలితం. 2014లో అదృశ్యమైన మలేసియా విమానం ఎంహెచ్370 ఫ్లాపెరాన్ (రెక్క వెనక అంచున కదిలే భాగం) 2015 జులైలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో దొరికింది. అది ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో లెక్కించడానికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మొదట దాని నకళ్లను నీటిలో వదిలి పరీక్షించారు. తర్వాత అసలు బోయింగ్ 777 ఫ్లాపెరాన్‌నే, దొరికిన ముక్కలా కోసి సముద్రంలో వదిలారు. అది నకళ్ల కన్నా వేగంగా, గాలి దిశకు సుమారు 20 డిగ్రీలు ఎడమగా సాగింది. ఈ తేడాను బోయ్‌లు చూపే ప్రవాహానికి కలిపితేనే ముక్క వచ్చిన దారి అంచనాకు అందుతుంది.